స్ట్రింగ్ ఉండగా చింత ఏల: జావాలో హాయిగా బతకడానికి 12 చిట్కాలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్నారు. నోట్సులు జిరాక్స్ తీయించుకున్నారు. ఇంటర్వ్యూలో 'స్ట్రింగ్ ఇమ్యూటబుల్ ఎందుకు?' అని అడిగితే బట్టీపట్టిన జవాబు గడగడా అప్పజెప్పారు. ఉద్యోగం వచ్చింది. ఇక ఆ జవాబుతో మీకు పని లేదు. ఇప్పుడు కావలసిన చదువు వేరు. తక్కువ రాయాలి, ఎక్కువ రాసినట్టు కనిపించాలి, తప్పు మన మీదికి రాకుండా నెల గడపాలి. పద్నాలుగేళ్లుగా నేను చేస్తున్నది ఇదే. తెలిసిన విద్య దాచుకుంటే మనసొప్పదు కాబట్టి చెబుతున్నాను, శ్రద్ధగా వినండి.

ముందు సరుకు సంగతి తెలియాలి. స్ట్రింగ్ అంటే అక్షరాలు గుచ్చిన దండ. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ నుంచి, జేమ్స్ గోస్లింగ్ బృందం చేతుల మీదుగా వచ్చిన జావా భాషలో ఈ దండ ఒక ఆబ్జెక్ట్. పూర్ణాంకంలా వట్టి విలువ కాదు. దానికో క్లాసు ఉంది, ఆ క్లాసుకు డజన్ల కొద్దీ మెథడ్లు ఉన్నాయి. ఆ క్లాసును ఫైనల్ అని ముద్ర వేసి వదిలారు కాబట్టి దాన్నుంచి ఇంకో క్లాసు పుట్టించడం ఎవరి తరమూ కాదు. ఒకసారి ముడి పడిన దండలో పువ్వు మార్చడం కుదరదు. మార్చమని అడిగితే జావా కొత్త దండ కట్టి చేతికిస్తుంది, పాతది పాతదిగానే ఉంటుంది. ఎవరికీ అక్కర్లేకుండా పోయిన దండలను గార్బేజ్ కలెక్టర్ అనే పనివాడు ఊడ్చుకుపోతాడు.

ఈ చివరి ముక్కను మీ డెస్క్ ముందు అంటించుకోండి: ఊడ్చేవాడు వేరే ఉన్నాడు. కింద చెప్పే 12 చిట్కాలకూ మూలమంత్రం అదే.

1. అన్నిటినీ స్ట్రింగ్‌లోనే పెట్టండి

వయసు, జీతం, పుట్టిన తేదీ, అవును-కాదు, ఏదొచ్చినా స్ట్రింగ్‌లో వేసేయండి. అంకె ఉండాల్సిన చోట మాట పెడితే కంపైలర్ పాత హెడ్‌మాస్టర్‌లా బెత్తం పట్టుకుని నిలబడుతుంది. స్ట్రింగ్ అయితే మల్లెపువ్వైనా గడ్డిపరకైనా అడ్డు చెప్పకుండా గుచ్చుకుంటుంది. ఎర్రగీత ఒక్కటీ కనబడదు. సాయంత్రం ఆరుకల్లా ఇంటికెళ్లొచ్చు.

జాబితాను వరసలో పెట్టమంటే భయపడకండి. స్ట్రింగ్‌లు ఒక్కో అక్షరం చొప్పున పోల్చుకుంటాయి కాబట్టి 1 తర్వాత 10, దాని తర్వాత 100, ఆ తర్వాతే 2 వస్తాయి. 9000 జీతం తీసుకునే మనిషి 85000 తీసుకునే మనిషికంటే పెద్ద జీతగాడిగా తేలతాడు. అడిగితే 'అక్షర క్రమం కావాలన్నారుగా' అనండి. తేదీని 03-04-2024 అని రాసి వదిలేయండి. అది ఏప్రిల్ మూడో, మార్చి నాలుగో తేల్చకండి. ఇక్కడివాళ్లు ఒకలా, అమెరికా క్లయింట్లు ఇంకోలా చదువుకుంటారు. తేల్చడానికి మీటింగ్ పెడతారు. ఆ మీటింగ్ భోజనాల వేళ దాకా సాగుతుంది. మీటింగ్ కూడా పనిగంటల్లోకే వస్తుంది.

2. పోల్చడానికి == చాలు

రెండు ఈక్వల్ గుర్తులు అడిగేది 'ఇది అదే కంచమా?' అని. ఈక్వల్స్ అనే మెథడ్ అడిగేది 'కంచంలో ఉన్న కూర అదేనా?' అని. ఈక్వల్స్ రాయాలంటే చుక్క పెట్టాలి, బ్రాకెట్లు పెట్టాలి. == అయితే రెండు నొక్కులతో అయిపోతుంది. తేలికైనదాన్నే ఎంచుకోండి.

ఇందులో మీకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. కోడ్‌లో మీరు కొటేషన్ల మధ్య రాసిన మాటలను జావా స్ట్రింగ్ పూల్ అనే గిడ్డంగిలో ఒక్క ప్రతిగా దాచి, అదే మాట మళ్లీ రాస్తే అదే ప్రతిని చూపిస్తుంది. అందుకే మీ డెమోలో == ఎప్పుడూ నిజమే చెబుతుంది. వాడుకరి టైపు చేసిన పేరు, ఫైల్ నుంచి చదివిన పేరు, డేటాబేస్ నుంచి వచ్చిన పేరు మాత్రం కొత్త కంచాల్లో వస్తాయి. అక్కడ అబద్ధం అని వస్తుంది. అది ప్రొడక్షన్‌లో జరుగుతుంది, మీ ముందు జరగదు. 'నా మెషీన్‌లో పనిచేస్తోందండీ' అని ధైర్యంగా చెప్పండి. నిజమే కాబట్టి కళ్లలోకి చూసి చెప్పొచ్చు.

లీడ్ మరీ పట్టుబడితే రెండింటికీ జావా లెక్కగట్టే హ్యాష్‌కోడ్ అనే అంకెలు పోల్చండి. అంకెలు చూడగానే మనిషి మెత్తబడతాడు. క్యాపిటల్ ఏ పక్కన స్మాల్ ఏ రాసిన మాటకూ, రెండు క్యాపిటల్ బీలకూ హ్యాష్‌కోడ్ ఒక్కటే, 2112. అలాంటి జంట మీ డేటాలో పడేసరికి మీరు ఇంకో ప్రాజెక్టులో ఉంటారు. ఇంకా వదలకపోతే దొరికిన ప్రతి స్ట్రింగ్ మీదా ఇంటర్న్ అనే మెథడ్ పిలిచి గిడ్డంగిలోకి తోసేయండి. ఒకప్పుడు ఆ గిడ్డంగి పర్మ్‌జెన్ అనే ఇరుకు గదిలో ఉండేది. 2011లో వచ్చిన జావా 7లో దాన్ని హీప్‌లోకి మార్చారు. చోటు పెంచింది మనం నింపడానికే.

3. ఫలితాన్ని పట్టుకోకండి

దండ మారదని చెప్పాను కదా. ట్రిమ్ అన్నా, రీప్లేస్ అన్నా కొత్త దండే వస్తుంది. దాన్ని అందుకుని దాచుకోకపోతే చేసిన పని గాల్లో కలిసిపోతుంది. మీరు అందుకోకండి. పేరు పక్కన చుక్క పెట్టి, ట్రిమ్ అని రాసి, సెమీకోలన్ పెట్టి ముందుకు సాగండి. కోడ్ రివ్యూలో చూసేవాళ్లకు లైను కనబడుతుంది. 'ఖాళీలు తీసేశావా?' అంటే వేలు పెట్టి చూపించండి. చూసినవాళ్లు తలూపుతారు.

పేరు చివర ఒక స్పేస్ మిగిలిపోయి వాడుకరికి లాగిన్ కాదు. 'జాగ్రత్తగా మళ్లీ టైపు చేయండి' అని సపోర్ట్ వాళ్లు చెబుతారు. ఎప్పుడైనా ఓ తెలివైన పిల్ల ఫలితాన్ని వేరియబుల్‌లో పట్టుకుని మీ లైను సరిచేసిందనుకోండి, కంగారుపడకండి. వెబ్‌పేజీల నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే నాన్ బ్రేకింగ్ స్పేస్‌ను ట్రిమ్ తీయలేదు. 2018లో జావా 11తో వచ్చిన స్ట్రిప్ కూడా తీయలేదు. అదొక్కటి చూపించి 'చూశారా, సరిచేసినా పోలేదు, లోపం జావాదే' అనండి. కేసు మూసుకుంటుంది.

4. లూపులో ప్లస్ గుర్తుతోనే కట్టండి

ఇది జీతం పెంచే చిట్కా కాబట్టి రెండుసార్లు చదవండి.

పెళ్లి పిలుపుల జాబితా రాస్తున్నారు. ఒక్కో పేరు గుర్తొచ్చినప్పుడల్లా పాత కాగితం పక్కనపెట్టి, మొదటి పేరు నుంచి అంతా కొత్త కాగితం మీద తిరగరాసి, చివర కొత్త పేరు చేర్చారనుకోండి. లూపులో ప్లస్ గుర్తుతో స్ట్రింగ్ పెంచినప్పుడు జావా చేసేది అచ్చంగా అదే. ఒక్కో అక్షరం చేరుస్తూ 10,000 అక్షరాల రిపోర్టు కడితే లోపల 5 కోట్లకు పైగా అక్షరాలు నకలవుతాయి. దీనికి విరుగుడుగా స్ట్రింగ్‌బిల్డర్ 2004లోనే జావా 5తో వచ్చింది. అది సాగే సంచి, అందులో వేస్తూ పోవడమే. జావా 9లో ప్లస్ గుర్తు పనితీరును మెరుగుపరిచినా, లూపులో చుట్టు చుట్టుకూ పుట్టే కొత్త దండను అది తప్పించలేదు.

అందుకే మొదటి రోజు స్ట్రింగ్‌బిల్డర్ వాడకండి. వాడితే ప్రోగ్రామ్ మొదటినుంచీ వేగంగా పరుగెడుతుంది. ఎవరూ గమనించరు, ఎవరూ మెచ్చుకోరు. జూలైలో ప్లస్ గుర్తుతో రాయండి. వాడుకరులు ఆరునెలలు నిట్టూర్చనివ్వండి. రిపోర్టు నొక్కి టీ తాగి వస్తారు, పాపం వాళ్లకూ విరామం కావాలి. ఫిబ్రవరిలో స్ట్రింగ్‌బిల్డర్ పెట్టి, మార్చి అప్రైజల్‌లో 'పెర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్' అని స్లైడు వేయండి. రోగమూ మనదే, మందూ మనదే, దుకాణమూ మనదే.

5. ఖాళీకి నాలుగు రూపాలు ఉంచండి

విలువ లేదని చెప్పడానికి ఒక చోట నల్ పెట్టండి. ఇంకో చోట ఖాళీ కొటేషన్లు పెట్టండి. మూడో చోట కొటేషన్ల మధ్య ఒక స్పేస్ పెట్టండి. నాలుగో చోట 'నల్' అనే మాటనే నాలుగు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పెట్టండి. మీ తర్వాత వచ్చినవాళ్లు నాలుగూ తనిఖీ చేయాలి. మూడు చేసి ఒకటి మరిచిపోతారు. ఆ బగ్ వాళ్ల పేరు మీద నమోదవుతుంది.

నల్‌ను ఇంకో స్ట్రింగ్‌తో కలిపితే జావా అలగదు, ఆ నాలుగక్షరాలనే తెచ్చి అతికిస్తుంది. అలా కస్టమర్లకు 'గౌరవనీయులైన నల్ గారికి' అని ఉత్తరాలు వెళ్తాయి. ఉత్తరం వెళ్లింది కదా, పని జరిగినట్టే. నల్ మీద మెథడ్ పిలిస్తే మాత్రం నల్ పాయింటర్ ఎక్సెప్షన్ వచ్చి పడుతుంది. నల్ రిఫరెన్స్‌ను 1965లో ప్రవేశపెట్టిన టోనీ హోర్, అది తన నూరు కోట్ల డాలర్ల పొరపాటని 2009లో అందరి ముందూ ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. ఆయనే చెప్పేశారు కాబట్టి మనం మళ్లీ చెప్పుకోనక్కర్లేదు.

6. స్ప్లిట్‌ను నమ్మి వదిలేయండి

క్లయింట్ ఫైల్ పంపాడు. అందులో తేదీ 12.08.2024 అని ఉంది. చుక్క దగ్గర ముక్కలు చేయాలి. స్ప్లిట్‌కు చుక్క ఇచ్చి వదిలేయండి. స్ప్లిట్ తీసుకునేది మామూలు అక్షరాన్ని కాదు, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ను. ఆ భాషలో చుక్క అంటే 'ఏ అక్షరమైనా సరే' అని అర్థం. అందువల్ల అన్ని అక్షరాలూ కత్తికే పోయి, చేతికి సున్నా ముక్కలు వస్తాయి. వెంటనే క్లయింట్‌కు 'మీ ఫైల్‌లో తేదీలు లేవు, మళ్లీ పంపండి' అని మెయిల్ పెట్టండి. మళ్లీ పంపడానికి వాళ్లకు రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ మీవే.

కామాలతో ఉన్న ఫైల్‌కూ ఇదే పద్ధతి. పేరు తర్వాత ఫోను, ఊరు, పిన్‌కోడ్ ఖాళీగా ఉండి వట్టి కామాలే మిగిలితే, స్ప్లిట్ చివరి ఖాళీలన్నీ పారేసి పేరొక్కటే ఇస్తుంది. మీరు నాలుగో ముక్క అడుగుతారు. ప్రోగ్రామ్ కూలుతుంది. 'డేటా క్వాలిటీ బాలేదు' అనండి. ఈ మూడు మాటలకు ఎదురు చెప్పిన మేనేజర్‌ను నేనింతవరకూ చూడలేదు.

7. లెక్క నేర్చుకోకండి, బేరమాడండి

సబ్‌స్ట్రింగ్‌లో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. మొదటి అంకె దగ్గరి అక్షరం వస్తుంది, రెండో అంకె దగ్గరిది రాదు. 2, 5 ఇస్తే మూడక్షరాలు వస్తాయి. ఈ నియమం ఒక్క నిమిషంలో వచ్చేస్తుంది కానీ ఆ నిమిషం ఖర్చుపెట్టకండి. రైతుబజారులో బేరమాడినట్టు ఒకటి కలపండి, ఒకటి తీయండి, మళ్లీ కలపండి. తెర మీద సరిగ్గా కనబడగానే ఆపేయండి. ఆ ప్లస్ ఒకటి ఎందుకుందో రేపు ఎవరికీ తెలియదు. తెలియని దాన్ని ఎవరూ ముట్టుకోరు. అదే మీ కోడ్‌కు రక్ష.

హద్దు దాటితే ఎక్సెప్షన్ వస్తుంది. దాన్ని ట్రై క్యాచ్‌లో పట్టి, క్యాచ్ లోపల ఏమీ రాయకండి. ఖాళీ స్ట్రింగ్ తిరిగి ఇచ్చేయండి. లాగ్‌లో కూడా పెట్టకండి. స్టాక్ ట్రేస్‌లో క్లాసు పేరు, మెథడ్ పేరు, లైను నంబరు అన్నీ ఉంటాయి, అంటే అది మీ చిరునామాతో అచ్చయిన శుభలేఖ. ఏ వేరియబుల్ నల్ అయిందో కూడా పేరు పెట్టి చెప్పే సదుపాయం 2020లో జావా 14తో వచ్చింది, 15 నుంచి అడక్కుండానే చెబుతుంది. ఇంత గూఢచర్యం ఇంట్లో పెట్టుకుని నిద్రపోవడం కష్టం. ఖాళీ క్యాచ్ ఒక్కటే మీ తలుపుకు గడియ.

8. తెలుగు పేరొస్తే ఫాంటు మీదికి తోసేయండి

1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటుంది. జావా స్ట్రింగ్‌కూ తెలుగు బాగానే తెలుసు. ఆ సంగతి బయటపెట్టకండి, పెడితే పని పెరుగుతుంది.

ముందు లెంగ్త్ సంగతి. మన కంటికి 'తెలుగు' మూడక్షరాలు, జావా లెక్కకు ఆరు. గుణింతపు గుర్తులు, పొల్లులు విడివిడిగా లెక్కకొస్తాయి. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం, జావాకు ఆరు. మీరు లెంగ్త్ చెప్పిందే వేదమనుకుని కోసేయండి. నేనొకప్పుడు పనిచేసిన చోట గుర్తింపు కార్డు మీద పేరుకు 8 హద్దు పెట్టాను. వేంకటేశ్వర్లు గారు వేంకటేశ్ అయ్యారు. వయసు ఇరవయ్యేళ్లు తగ్గినట్టనిపించి ఆయన కార్డు మెళ్లో వేసుకుని తిరిగారు. సుబ్బలక్ష్మి గారు సుబ్బలక్ అయ్యారు. ఆవిడ వచ్చి అడిగితే 'ఫాంటు సమస్యమ్మా, డెస్క్‌టాప్ టీమ్‌కు చెప్పాం' అన్నాను. ఆవిడ వాళ్ల దగ్గరికి వెళ్లారు, వాళ్లు ప్రింటర్ కంపెనీ దగ్గరికి పంపారు. తిలాపాపం తలా పిడికెడు.

స్ట్రింగ్‌ను తిరగేయమంటే స్ట్రింగ్‌బిల్డర్‌లోని రివర్స్ పిలిచి చేతులు దులుపుకోండి. 'తెలుగు' తిరగబడితే మొదట్లో ఏ హల్లూ లేకుండా ఒంటరిగా ఉకారపు కొమ్ము వేలాడుతుంది. దానికీ ఫాంటే కారణమనండి.

ఫైల్ చదివేటప్పుడు ఎన్‌కోడింగ్ పేరు రాయకండి. 2022లో జావా 18 వచ్చాక యూటీఎఫ్-8 డిఫాల్ట్ అయింది. అంతకుముందు ఏ మెషీన్ అలవాటు ఆ మెషీన్‌దే. మీ ల్యాప్‌టాప్‌లో చక్కగా కనిపించిన పేర్లు సర్వర్‌లో వరుసగా ప్రశ్నార్థకాలవుతాయి. క్లయింట్ మరీ నొక్కితే ఖర్చు చూపించండి. జావా 9 నుంచి లాటిన్ అక్షరాలకే పరిమితమైన స్ట్రింగ్‌లో అక్షరానికి ఒక బైటు చాలు, ఒక్క తెలుగు అక్షరం చేరినా ఆ దండ మొత్తానికి రెండేసి బైట్లు. యూటీఎఫ్-8 ఫైల్‌లో అయితే తెలుగు అక్షరాలకు మాత్రమే మూడేసి. 'తెలుగు పెడితే మెమరీ పెరుగుతుంది సార్' అనండి. ఎంత పెరుగుతుందో లెక్క చెప్పకండి. అక్కడికి ఆ విషయం ముగుస్తుంది.

9. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు టర్కీకి వదిలేయండి

మన లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం అనే తేడా లేదు. కాబట్టి ఆ గొడవ మనకు పట్టదు. టూ లోయర్ కేస్ పిలిచినప్పుడు ఏ భాష నియమాలు వాడాలో చెప్పే లొకేల్‌ను ఇవ్వకండి. ఇవ్వకపోతే మెషీన్ ఏ దేశానిదైతే ఆ నియమమే నడుస్తుంది. టర్కీ అమరికలున్న మెషీన్‌లో క్యాపిటల్ ఐ చిన్నక్షరమైతే చుక్క లేని ఐ వస్తుంది. పెద్దక్షరాల్లో ఉన్న 'ఫైల్' అనే ఇంగ్లీషు మాట చిన్నక్షరాల్లోకి మారాక మామూలు 'ఫైల్'తో సరిపోదు. ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఆగేది ఇస్తాంబుల్‌లో. ఫిర్యాదు ఇక్కడికి చేరేసరికి వారాంతం వస్తుంది.

10. క్వెరీని ముక్కలు అతికించి కట్టండి

డేటాబేస్‌ను అడిగే ప్రశ్నను కూడా ప్లస్ గుర్తుతోనే కట్టండి. సగం వాక్యం రాసి, వాడుకరి టైపు చేసిన పేరు అతికించి, మిగతా సగం రాయండి. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ 1997లోనే, జావా 1.1తోనే వచ్చింది. అందులో ప్రశ్నార్థకాలు పెట్టి, ఏ ప్రశ్నార్థకానికి ఏ విలువో వరుసగా ఇవ్వాలి. ఇస్తే వాడుకరి మాట వట్టి డేటాగానే ఉంటుంది, ఆజ్ఞగా మారదు. కానీ ప్రశ్నార్థకాలు లెక్కపెట్టుకునే ఓపిక ఎవరికుంది?

అతికింపు పద్ధతిలో డి'సౌజా అనే పేరు రాగానే మధ్యలోని కొటేషన్ గుర్తు మీ వాక్యాన్ని తెంచేస్తుంది. ఆయన్ను పేరు మార్చుకోమనండి. కొంటెవాడెవడైనా పేరు గడిలో క్వెరీ ముక్కే టైపు చేస్తే మీ డేటాబేస్ వాడి మాట వింటుంది, పట్టికలకు పట్టికలు చూపిస్తుంది, కొన్నిసార్లు చెరిపేస్తుంది. అప్పుడు 'హ్యాకర్లు దాడి చేశారు' అని ప్రకటించండి. తప్పు కాస్తా కష్టకాలమవుతుంది. కష్టకాలంలో తోటివాడిని ఎవరూ ప్రశ్నించరు. అందరూ పిజ్జాలు తెప్పించుకుని రాత్రంతా కూర్చుంటారు.

11. పాస్‌వర్డ్‌ను స్ట్రింగ్‌లో దాచి, లాగ్‌లో రాయండి

జావాలో పాస్‌వర్డ్ అడిగే స్వింగ్ పెట్టె స్ట్రింగ్ ఇవ్వదు, అక్షరాల శ్రేణి ఇస్తుంది. దానికో కారణం ఉంది. శ్రేణిని పని అయ్యాక మీరే చెరిపేయొచ్చు. స్ట్రింగ్‌ను చెరపడం మీ చేతుల్లో లేదు, ఊడ్చేవాడు వచ్చేదాకా అది మెమరీలోనే ఉంటుంది. ఉండనివ్వండి. ఊడ్చేవాడు వేరే ఉన్నాడని మొదట్లోనే అనుకున్నాం. వచ్చిన శ్రేణిని వెంటనే స్ట్రింగ్‌గా మార్చి, అది సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి లాగ్‌లో రాయండి. ఎవరైనా పాస్‌వర్డ్ మరిచిపోయామని ఫోన్ చేస్తే లాగ్ తెరిచి చదివి వినిపించండి. ఇంత మర్యాద ఏ సర్వీసులోనూ దొరకదు.

వాడుకరి ఏం టైపు చేసినా ఉన్నదున్నట్టు లాగ్‌లోకి పంపండి. లాగింగ్ లైబ్రరీకి కొత్త వెర్షన్ వచ్చిందంటే పట్టించుకోకండి. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే లాగింగ్ లైబ్రరీలో లాగ్‌ఫోర్‌షెల్ అనే లోపం బయటపడింది. లాగ్‌లోకి వచ్చిన స్ట్రింగ్‌లో ఒక ప్రత్యేకమైన ముక్క ఉంటే, లైబ్రరీ దాన్ని ఆజ్ఞగా చదివి బయటి సర్వర్‌ను సంప్రదించేది, అక్కడి కోడ్ మన మెషీన్‌లో నడిచే దారి తెరుచుకునేది. దాని తీవ్రతకు 10కి 10 మార్కులు వేశారు. ప్రపంచమంతా పండగ సెలవులు మానుకుని వెర్షన్లు మార్చింది. అందరూ ఒకసారి మార్చేశారు కాబట్టి ఆ గండం గడిచిపోయినట్టే. మీరు మార్చనక్కర్లేదు.

12. పేర్లు పొదుపుగా పెట్టండి, పాత వెర్షన్‌ను వదలకండి

వేరియబుల్ పేర్లకు ఎస్, ఎస్1, ఎస్2, టెంప్, టెంప్‌న్యూ, ఫైనల్‌టెంప్ చాలు. 'కస్టమర్ పేరు' అని పూర్తిగా రాస్తే చదివినవాడికి అర్థమవుతుంది. అర్థమైతే సలహాలిస్తాడు. ఒకే ఎర్రర్ మెసేజ్‌ను నలభై చోట్ల కాపీ పేస్ట్ చేయండి. అందులో ఒక అక్షరం మార్చమని క్లయింట్ అడిగితే నలభై మార్పులు, వారం రోజుల అంచనా. కాన్‌స్టెంట్‌గా ఒక్కచోట పెట్టి ఉంటే అయిదు నిమిషాల్లో అయిపోయేది, వారం పోయేది.

2014లో వచ్చిన జావా 8 దగ్గరే ఆగండి. వట్టి స్పేసులే ఉన్న స్ట్రింగ్‌ను కూడా ఖాళీగా లెక్కించే ఈజ్ బ్లాంక్ 11లో వచ్చింది. పది లైన్ల పాఠాన్ని ప్లస్ గుర్తులు లేకుండా ఉన్నదున్నట్టు రాసుకునే టెక్స్ట్ బ్లాక్‌లు 2020లో 15తో వచ్చాయి. అవి వాడితే కోడ్ తగ్గుతుంది. లైన్ల లెక్కన మన కష్టాన్ని కొలిచేచోట లైన్లు తగ్గించుకోవడం కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే.

టెస్టులు రాయమంటే 'తర్వాతి స్ప్రింట్‌లో' అనండి. తర్వాతి స్ప్రింట్‌లోనూ అదే అనండి.

చివరికి మీకు దక్కేది

ఈ 12 చిట్కాలూ మూడేళ్లు నిష్ఠగా పాటించండి. ఆ తర్వాత మీ కోడ్‌లో మీరు తప్ప ఇంకెవరూ వేలు పెట్టలేరు. ఏ ఖాళీ ఏ రూపంలో ఉందో, ఏ సబ్‌స్ట్రింగ్‌లో ఒకటి ఎందుకు కలిపారో, ఎస్2లో ఏముందో తెలిసిన మనిషి భూమ్మీద మీరొక్కరే. కొత్తగా వచ్చినవాళ్లు చూసి వారంలో వేరే టీమ్ అడుగుతారు. మిమ్మల్ని బెంచ్ మీదికి పంపరు, వేరే ప్రాజెక్టుకు ఇవ్వరు, పెద్ద సెలవుకు వదలరు. ఊడ్చేవాడు వేరే ఉన్నాడని మొదట చెప్పాను. ఇప్పుడు ఆఫీసంతా ఆ ఊడ్చేవాడి కోసమే ఎదురుచూస్తుంది. ఆ మనిషి మీరే అవుతారు. ఇంతటి గిరాకీ పట్టా తెచ్చిపెట్టదు, ఈ పద్ధతి తెచ్చిపెడుతుంది.

నా పెళ్లి ముహూర్తం తెల్లవారుజామున. దండలు మార్చుకునే వేళ ఫోన్ మోగింది. ప్రొడక్షన్ ఆగిపోయింది. పీటల మీదే ల్యాప్‌టాప్ తెప్పించుకున్నాను. మెడలో దండ, ఒళ్లో దండలే దండలు. పురోహితుడు మంత్రం ఆపాడు, మేళం ఆగింది, అమ్మాయి తల వంచుకుని కూర్చుంది. మా మామగారు పక్కవాళ్లతో 'అల్లుడు లేకపోతే కంపెనీ నడవదట' అన్నారు. ఆ మాట నా చెవిన పడింది. చూస్తే సంగతి చిన్నదే. ఒక చోట == ఉంది, డేటాబేస్ నుంచి వచ్చిన మాట వేరే కంచంలో వచ్చింది. ఈక్వల్స్ పెట్టడానికి వ్యవధి లేదు కాబట్టి పక్కన ఇంకో 'లేదా' చేర్చి నడిపించేశాను. ఆ కోడ్ ఇప్పటికీ నడుస్తోంది. నెలకోసారి ఆగుతుంది, అప్పుడల్లా నాకే ఫోన్ వస్తుంది. మా అబ్బాయి అన్నప్రాశన నాడు వచ్చింది, గృహప్రవేశం నాడు వచ్చింది, మొన్న సంక్రాంతి భోజనాల దగ్గరా వచ్చింది. ఇంట్లో ఏ శుభకార్యమూ నా ఫోన్ మోగకుండా జరగలేదు.

అంత అవసరమైన మనిషి కావాలని ఎవరికి ఉండదు? మీరూ అవుతారు. దీనికి ముహూర్తం చూడనక్కర్లేదు, ఈ సాయంత్రమే మొదలుపెట్టండి.